కత్తి దూయించిన మాట – కత్తి దించిన మాట

చదువవలసిన వాక్యభాగము: 1 సమూయేలు 25:2–38



కాలు జారితే తీసికొనవచ్చును గాని నోరు జారితే తీసికొనలేమని మన పెద్దలు చెప్పుదురు. ఎండాకాలములో తాటాకు ఇండ్లు అంటుకొన్నప్పుడు ఆరా తీసినయెడల, ఎక్కడో ఆర్పక వదలిన పొయ్యి, ఎవరో పారవేసిన బీడీ ముక్క కారణమని తేలును. యాకోబు భక్తుడు నాలుకను ఇట్టి నిప్పుతోనే పోల్చెను (యాకోబు 3:5, 6). ఒక ఇంటికి అట్టి నిప్పు ఎట్లు అంటుకొనెనో, దానిని ఎవరు ఆర్పిరో ఈ నెల చూతము.

మాయోనులో నాబాలు అను ధనవంతుడు ఉండెను. అతనికి 3,000 గొఱ్ఱెలు, 1,000 మేకలు. అడవిలో అతని మందలను దావీదు మనుష్యులు రాత్రింబగళ్లు కాపాడిరి. బొచ్చు కత్తిరించు పండుగ దినమున దావీదు పదిమంది పడుచువారిని పంపి, సమాధానపు మాటలతో కొంచెము ఆహారము అడిగెను. లేదని చెప్పినను సరిపోవును. కాని నాబాలు, దావీదు ఎవడని ఎగతాళి చేసి, యజమానిని విడిచి పారిపోయిన దాసునితో అతనిని పోల్చెను. కొద్ది మాటలే! అంతట 400 మంది కత్తులు కట్టుకొని బయలుదేరిరి. తెల్లవారులోగా ఆ యింటి మగవారిలో ఒక్కడును మిగులకుండవలసినది.

ఒక పనివాడు పరుగెత్తి ఇల్లాలైన అబీగయీలుకు సంగతి చెప్పెను. ఆమె పనివాని మాట వినెను. భర్తయో ఎవరి మాటయు వినువాడు కాడు. ఆమె 200 రొట్టెలు మొదలైనవి గాడిదలమీద వేయించి దావీదుకు ఎదురు వెళ్లెను. తప్పు ఎవరిదని వాదింపక, ఆ దోషము తనమీద వేసికొనెను. రేపు నీవు రాజువైనప్పుడు ఈ రక్తము నీ మనస్సును బాధించకూడదని దావీదుకు దేవుని పిలుపును జ్ఞాపకము చేసెను. దావీదు దేవుని స్తుతించి వెనుకకు మరలెను.

ఇంకొక సంగతి గమనించండి. ఆమె ఇంటికి వచ్చునప్పటికి నాబాలు త్రాగి మత్తుగా ఉండెను. ఆ రాత్రి ఆమె ఏమియు చెప్పలేదు. సత్యమును దాచలేదు గాని తెల్లవారి మత్తు దిగిన తరువాత చెప్పెను. మంచి మాటకైనను వేళ ఉండవలెను. త్రాగి వచ్చిన వానితో నడిరాత్రి వాదించి గెలిచిన ఇల్లు మన పల్లెల్లో ఎక్కడనైనా ఉన్నదా?

ఈ మాటలు వ్రాయుచు నన్ను నేనే పరీక్షించుకొనుచున్నాను. కొన్ని సంవత్సరముల క్రిందట మా అబ్బాయి పదవ తరగతి లెక్కల పరీక్ష తప్పినప్పుడు, అరుగుమీద ఇరుగుపొరుగు వినుచుండగా, “నిన్ను చదివించేకంటే గేదెను మేపుకుంటే పాలైనా ఇచ్చేది” అంటిని. నవ్వినవారు నవ్విరి. వాడు బదులు పలుకలేదు. ఆ రాత్రి అన్నము ముట్టలేదు. ఆదివారము ప్రభువు బల్లయొద్దకు లేచినప్పుడు ఆ మాట నా గొంతులో ముల్లువలె అడ్డుపడెను. కూర్చుండిపోతిని. ఇంటికి వచ్చి, అదే అరుగుమీద, ఆ పొరుగువారి ఎదుటనే, “తప్పు నాదిరా, నన్ను క్షమించు” అంటిని. “పరీక్ష పోయినందుకు కాదు నాన్నా, అందరిలో అన్నావు” అని వాడు ఏడ్చెను. వాడు క్షమించెను. కాని మరచెనో లేదో నేటికిని నాకు తెలియదు.

ప్రియులారా, వ్యర్థమైన ప్రతి మాటకును విమర్శదినమున లెక్క చెప్పవలెనని ప్రభువు హెచ్చరించెను (మత్తయి 12:36). కోడలిని పుట్టింటి పేరెత్తి అన్న మాట, పాలేరును తిట్టిన తిట్టు, బిడ్డకు “పనికిరానివాడా” అని పెట్టిన పేరు – ఇవన్నియు ఆ లెక్కలోనివే. గుడిలో పాటలు పాడిన నోటితోనే పొలము గట్టుమీద శపించుట తగునా?

ఈ నెల మీ ఇంటిలో ఇట్లు చేయండి. కోపము వచ్చినప్పుడు ఒక్క రాత్రి ఆగండి. తప్పును తప్పనియే చెప్పండి గాని నలుగురిలో చెప్పకండి. నలుగురిలో గాయపరచినయెడల, క్షమాపణ కూడ ఆ నలుగురిలోనే అడుగండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒకరి గూర్చి ఒకరు ఒక మంచి మాట చెప్పండి.

ప్రార్థన: ప్రభువా, మా నోటికి కావలి ఉంచుము. మా మాటవలన గాయపడినవారి యొద్దకు నేడే వెళ్లుటకు మాకు ధైర్యము దయచేయుము. ఆమేన్.