ఇంటిపేరు మతంతో పోదు



కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు మన తెలుగిళ్ళలో ఎవరైనా ఇస్లాం పుచ్చుకుంటే ముందు వినపడే మాట, "ఇక వాడు మనవాడు కాదు." ఆ మాటతో మేము ఏకీభవించం. కొత్త మతంలో కుదురుకోవడం నమాజు నేర్చుకోవడంతో అయిపోదు. కన్నవాళ్ళ ఇంటికి వచ్చిపోయే దారి మూసుకుపోతే ఆ మనిషి రెండు వైపులా పరాయివాడవుతాడు.

మన భయం వెనక ఒక పాత కథ ఉంది. తురక రాజు ఆడపిల్లను కోరితే, ఊరు విడిచి దక్షిణానికి వచ్చామని పెద్దలు చెప్పుకునేవారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ కథనే 'గోపల్ల గ్రామం' నవలలో చెప్పారు. కథను దాచుకుందాం. కానీ ఏనాటి రాజు బాకీనో ఈనాటి మన బిడ్డ ఎందుకు కట్టాలి?

తెలుగు పోతుందన్న దిగులూ అక్కర్లేదు. ఆంధ్రలో దూదేకులవారి ఇంటి భాష తెలుగే. పిఠాపురం ఉమర్ ఆలీషా తెలుగు కవి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా 1998లో సంగీత కళానిధి అందుకున్నారు.

"పొలంలో వాటా రాదు" అని బెదిరించేవారు చట్టం తెలుసుకోవాలి. మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదని 1850 చట్టమే చెప్పింది. అయితే 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మతం మారాక పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తిలో వారసత్వం ఉండదు. మన తెలుగు మాట్లాడే అరుంధతీయర్ ఇంటి బిడ్డ ఇస్లాంలోకి వెళితే, 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. ఇవి ముందే తెలిస్తే తర్వాత గొడవలుండవు.

కొత్తగా మారినవారికీ ఒక మాట. తల్లిదండ్రులది వేరే మతమైనా, విశ్వాసం విషయంలో తప్ప, వారితో మంచిగా మెలగాలనే ఖురాన్ లుఖ్మాన్ సూరా చెబుతుంది. పేరు చెడ్డ అర్థానిది కాకపోతే మార్చుకోవాలన్న నియమమూ లేదు. బిడ్డను తండ్రి పేరుతోనే పిలవమంటుంది ఆ మతం. అంటే నాన్న ఇనిషియల్ అలాగే ఉంటుంది.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న తండ్రులది: "రేపు నాకు తలకొరివి ఎవరు పెడతారు?" దీన్ని చావింట్లో తేల్చుకోవద్దు. బతికుండగానే కూర్చుని మాట్లాడుకోండి. తమ్ముడో, అన్న కొడుకో పెట్టవచ్చు. కానీ ఆ రోజు తండ్రి పక్కన నిలబడి ఏడ్చే హక్కు ఆ కొడుకుదే. అతన్ని గుమ్మం దగ్గర ఆపేవాళ్ళు మనం కాకూడదు.

చెల్లెలికి సంబంధాలు తప్పిపోతాయన్న భయం నిజమైనదే. అందుకే ఇది ఒక్క ఇంటి మీద వదిలేసే పని కాదు. సంఘం పెద్దలు అవతలివారి ఇంటికి వెళ్ళి, "ఈ కుటుంబం మాది, పిల్ల మంచిది" అని చెప్పాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము అడగబోయేది ఇదే: మతం మారిందని ఎవరి పేరూ సభ్యుల పుస్తకంలో కొట్టేయకూడదు, వారి పిల్లల చదువు సాయం ఆపకూడదు. రంజాన్‌లో తెల్లవారుజామున లేచి కొడుకుకు అన్నం వేడిచేసి పెట్టే తల్లిని ఎవరూ నిందించకూడదు. కాదనేవారు కారణాలతో రండి, మాట్లాడుకుందాం.