సైకిలు కొనిచ్చాం సరే, నెత్తి మాటేమిటి?

వానలు పడి అనంతగిరి పచ్చబడితే చాలు, ఆదివారాలు హైదరాబాదు నుంచి సైకిళ్ళ వాళ్ళు గుంపులు గుంపులుగా వస్తారు. సుమారు 70 కిలోమీటర్ల దారి. చీకటితోనే బయల్దేరి, వికారాబాదు దాటి, పొద్దెక్కేసరికి గుట్ట ఎక్కుతూంటారు. ఆడా మగా, చిన్నా పెద్దా అని లేదు, అందరి తలకూ హెల్మెట్ ఉంటుంది. రోడ్డు పక్కన ఆగి మన పిల్లలు వాళ్ళను వింతగా చూస్తారు. ఆ తర్వాత తమ సైకిలెక్కి, వెనక క్యారియర్ మీద చెల్లెలినో తమ్ముడినో కూర్చోబెట్టుకుని, సగం సగం పడే బ్రేకుతో అదే వాలులో జారుకుంటూ దిగుతారు. వాళ్ళ తలమీద మాత్రం ఏమీ ఉండదు. హెల్మెట్ అనేది ఖరీదైన సైకిలుతో పాటు వచ్చే సోకు అని పిల్లలే కాదు, మనమూ అనుకుంటున్నాం.

పద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు, టీబీ ఆసుపత్రి - ఒకప్పుడు అనంతగిరి అంటే ఇంతే. ఇప్పుడు సెలవు రోజుల్లో ఆ మలుపుల దగ్గర కార్లూ మోటారు సైకిళ్ళూ ఎలా దూసుకొస్తాయో అక్కడుండే వాళ్ళకు చెప్పక్కర్లేదు. తాండూరు వైపు సంగతి వేరే. అక్కడ నాపరాళ్ళ లారీలు, సిమెంటు లారీలు. స్కూలుకు పోయే పిల్లకూ, టన్నుల బరువుతో వచ్చే లారీకీ ఒకటే రోడ్డు.

ఈ మాట ఎత్తగానే పెద్దవాళ్ళ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "మా చిన్నప్పుడు గంటకింత అని కిరాయి సైకిలు తీసుకుని కైంచి తొక్కి నేర్చుకున్నం. పడ్డం, మోకాళ్ళు కొట్టుకుపోయినయి, లేచినం. ఏమయింది?" నిజమే. కానీ ఈ మాట అనేది లేచిన వాళ్ళే. లేవని వాళ్ళు వచ్చి చెప్పలేరు కదా! పైగా ఆ రోజుల్లో రోడ్డు మీద ఎన్ని బళ్ళుండేవో కూడా గుర్తు చేసుకోవాలి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో సైకిలు మీద వెళ్తూ పోయినవారు దాదాపు నూటికి ముగ్గురు. నూటికి ముగ్గురే కదా అనిపిస్తుంది గానీ, లెక్క కడితే అయిదు వేలకు దగ్గర.

చెయ్యి విరిగితే కట్టు కడతారు, అతుక్కుంటుంది. మెదడు అలా కాదు. అది పుర్రెలో నీళ్ళలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల రోడ్డుకు తగిలి ఆగిపోయినా లోపలి మెదడు వెంటనే ఆగదు, వెళ్ళి పుర్రె గోడకు కొట్టుకుంటుంది. సైకిలు హెల్మెట్ లోపల ఉండేది థర్మోకోల్ లాంటి పదార్థమే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ జోరును కొంత తాను మింగుతుంది. అందుకే ఒకసారి గట్టిగా పడ్డాక, పైకి బాగానే కనిపించినా ఆ హెల్మెట్ ఇక పనికిరాదు. అన్నది పడేసింది తమ్ముడికి పెట్టకూడదు.

తల్లులు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటుంది. పడిన పిల్లాడు ఒక్కోసారి లేచి, దుమ్ము దులుపుకుని, ఇంటికొచ్చి అన్నం కూడా తింటాడు. లోపల పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తనాళం చిట్లి ఉంటే, నెత్తురు మెల్లగా గూడు కడుతుంది. కొన్ని గంటలయ్యాక వాంతులు, విపరీతమైన తలనొప్పి, మత్తు, మాట తడబడడం. "అలిసిపోయినట్టున్నాడు, పండుకోనీ" అంటాం మనం. ఆ నిద్రే ప్రాణం మీదికి తెస్తుంది. తలకు దెబ్బ తగిలిన పిల్లల్లో ఈ లక్షణాలు ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవలసిందే. దెబ్బ తిట్లకు భయపడి దాచే పిల్లలూ ఉంటారు, కాబట్టి పడి వచ్చిన పిల్లను ముందు తిట్టకుండా ఉండడం కూడా వైద్యంలో భాగమే.

బతికి బయటపడితే చాలు అనుకుంటాం. మెదడుకు దెబ్బ తగిలిన కొందరు పిల్లలు బయటికి మామూలుగానే ఉంటారు. చదివింది గుర్తుండదు, ఊరికే కోపమొస్తుంది, ఒకచోట కుదురుగా కూర్చోలేరు. "మొండికేస్తున్నాడు" అని స్కూల్లో దెబ్బలు, "నీ పెంపకమే" అని ఇంట్లో తల్లికి మాటలు. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చునేదీ ఎక్కువగా తల్లే.

చట్టం ఏమంటోందో చూద్దాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన ఎవరైనా మోటారు సైకిలు మీద హెల్మెట్ పెట్టుకోవాలి. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పసివాళ్ళకు కూడా తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, బండి గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. విచిత్రమేమిటంటే, ఆ పసివాళ్ళకు సైకిలు హెల్మెట్ అయినా ఫరవాలేదని ఆ నిబంధనే చెబుతోంది. సైకిలు తొక్కే పిల్లల సంగతి మాత్రం అందులో లేదు, ఎందుకంటే సైకిలు మోటారు వాహనం కాదు! నాన్న స్కూటరు వెనక కూర్చుంటే పెట్టుకోవాలి, అదే రోడ్డు మీద ఒంటరిగా సైకిలు తొక్కుతూ పోతే అక్కర్లేదు.

ఇతర దేశాల్లో ఇది చట్టంతోనే మొదలవలేదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 1980ల్లో డాక్టర్లు, స్కూళ్ళు, తల్లిదండ్రుల సంఘాలు కలిసి పనికి దిగాయి. తక్కువ ధరకు దొరికేలా కూపన్లు పంచారు, పిల్లల డాక్టరు దగ్గరికి ఎవరు వచ్చినా ఈ మాట చెప్పించారు. 1987లో అక్కడ సైకిలు తొక్కే పిల్లల్లో హెల్మెట్ పెట్టుకున్నవారు నూటికి అయిదారుగురే. 1992 నాటికి నలభై మంది. అధ్యయనంలో లెక్కించిన పిల్లల్లో సైకిలు మీంచి పడి తలకు దెబ్బ తగలడం సుమారు మూడింట రెండు వంతులు తగ్గింది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990లో చట్టం చేసేనాటికి ఇలాంటి ప్రచారం ఏళ్ళ తరబడి నడిచి ఉంది. ప్రమాదాల్లో గాయపడిన 64,000 మందికి పైగా సైకిలిస్టుల వివరాలను 2016లో కలిపి చూసినప్పుడు, హెల్మెట్ ఉన్నవారికి తలకు తీవ్రమైన గాయమయ్యే అవకాశం 69 శాతం తక్కువని తేలింది.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఆలోచించండి. ఒక తల్లి బుజ్జగించి పిల్లకు హెల్మెట్ పెట్టి పంపిస్తుంది. వీధి మలుపు తిరగగానే "ఏందే, అంతరిక్షానికి పోతున్నవా" అని తోటి పిల్లలు ఎగతాళి పట్టిస్తారు. మర్నాటి నుంచి అది హ్యాండిలుకు వేలాడుతుంది, వారం తర్వాత అటక ఎక్కుతుంది. (పుస్తకాల్లో దీన్ని శిరస్త్రాణం అంటారు. ఆ పేరు చెబితే పిల్లలు ఇంకా నవ్వుతారు.) ఒక్కరు పెట్టుకుంటే వేషం, పదిమంది పెట్టుకుంటే యూనిఫారం. అందుకే ఇది ఒక ఇంటి తల్లి వల్ల అయ్యే పని కాదు. వీధి, స్కూలు కలవాలి.

అందుకు తగిన ఏర్పాటు మన దగ్గర లేకపోలేదు. తెలంగాణలో సర్కారు బడులకు 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మహిళా సంఘాల అధ్యక్షురాళ్ళే వాటికి పెద్దలు. బడి యూనిఫారాలు కుట్టే పని కూడా మహిళా సంఘాల చేతికి వచ్చింది. చొక్కా కొలతలు తీసుకునే చెయ్యి తల కొలత తీసుకోలేదా? బజారులో ఒక మోస్తరు పిల్లల హెల్మెట్ ధర స్కూలు బూట్ల జతకు అటూ ఇటూగా ఉంటుంది. ఒకేసారి యాభై, వంద కొంటే బేరం ఆడొచ్చు. బేరమాడడం మనకెవరూ నేర్పక్కర్లేదు కదా. బిహారులో 2006 నుంచి ఆడపిల్లలకు బడి సైకిళ్ళిచ్చారు, ఆంధ్రప్రదేశ్‌లో "బడికొస్తా" పేరుతో ఇచ్చారు. ఆడపిల్లల చదువుకు అది ఎంత మేలో చెప్పక్కర్లేదు. మన దగ్గర ఎవరైనా దాతలు సైకిళ్ళివ్వడానికి ముందుకొస్తే, పది సైకిళ్ళకు బదులు తొమ్మిదే ఇవ్వండి, ఆ డబ్బుతో తొమ్మిదింటికీ హెల్మెట్లు ఇవ్వండి అని అడగాలని నా ఉద్దేశం.

కొనేటప్పుడు బొమ్మల దుకాణంలో దొరికే పలచటి ప్లాస్టిక్ టోపీని చూసి మోసపోవద్దు. లోపల ఈఎన్ 1078 అనే గుర్తు ఉందేమో చూడండి. కనుబొమల పైన రెండు వేళ్ళ ఎత్తులో నిలవాలి, నుదురు కప్పాలి. వెనక్కి వాలిన హెల్మెట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. గడ్డం కింద పట్టీకీ చర్మానికీ మధ్య ఒక వేలు పట్టాలి. ఆడపిల్లల దగ్గర అసలు పేచీ జడ. నడినెత్తిన ముడి వేస్తే హెల్మెట్ కూర్చోదు. పూలు పెడితే నలిగిపోతాయి. మెడ దగ్గర వదులుగా ఒక జడ, లేదా చెవుల కింద నుంచి రెండు జడలు వేస్తే ఇబ్బంది ఉండదు. పూలు బడికి వెళ్ళాక పెట్టుకుంటుంది. సైకిలు దిగి ఆటలకు, చెట్లెక్కడానికి పోయేటప్పుడు మాత్రం తప్పకుండా తీసెయ్యమనండి. కొమ్మకు తగులుకుంటే ఆ పట్టీయే గొంతుకు ఉరవుతుంది.

హెల్మెట్ పెట్టుకోలేదు కనుక తప్పు పిల్లదే అని లారీవాడిని వదిలేసే మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. నెదర్లాండ్స్‌లో దాదాపు ఎవరూ హెల్మెట్ పెట్టుకోరు, ఎందుకంటే అక్కడ సైకిళ్ళకు విడిగా దారులున్నాయి. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు, పైన నీడకు సోలార్ పలకలు కూడా పెట్టారు. మంచిదే. అలాంటిదాంట్లో రెండు కిలోమీటర్లు తాండూరులో ఒక హైస్కూలు ముందు వేస్తే ఎన్ని ఇళ్ళల్లో నిశ్చింత! ఆ బాట వచ్చేదాకా పిల్లలు ఈ రోడ్డు మీదే పోవాలి.

వచ్చే నెల బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంటే ఒక చిన్న సంగతి అడిగి చూడండి. పిల్ల హెల్మెట్ తెచ్చిందే అనుకుందాం, బడిలో దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది? బెంచీ మీద చోటుండదు, సైకిలుకు వదిలేస్తే పోతుంది. సైకిలు స్టాండు పక్క గదిలో గోడకు వరసగా మేకులు కొట్టించి, ఒక్కోదాని కింద పేరు రాయించడానికి ఏ ఉత్తర్వూ రానక్కర్లేదు.