వేవిళ్లు కాని వాంతి

ఆడమనిషికి కడుపులో తిప్పితే దానికి మన భాషలో ఒక ముద్దుపేరు సిద్ధంగా ఉంటుంది: వేవిళ్లు. పాత సినిమాల్లో నాయిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తితే చాలు, ప్రేక్షకులకు సంగతి అర్థమైపోయేది. కథల్లోనూ ఆమె వాంతి వంశానికి అందే కబురే. సాహిత్యమే నా చదువు. తన సొంత శ్రమవల్ల ఆడదానికి వాంతి రావచ్చుననే ఊహ మన కథల్లో ఎంత అరుదో చూస్తూనే ఉన్నాను.

హన్మకొండలో నేను వెళ్లే జిమ్‌లో ఒకరోజు స్క్వాట్లు చేస్తుంటే నాలుగో సెట్ తర్వాత వికారం మొదలైంది. గోడకానుకుని కూర్చున్నాను. ట్రైనర్ వచ్చి ‘మేడం, మీకెందుకివి, ట్రెడ్‌మిల్ మీద నడవండి’ అన్నాడు. పక్కనున్న అక్క గొంతు తగ్గించి ‘ఏమన్న విశేషమా?’ అని అడిగింది. అంతకు వారం ముందు అక్కడే ఒక పిల్లగాడు వాంతి చేసుకుని వస్తే దోస్తులు భుజం తట్టి ‘గట్టిగ కొట్టినవ్ రా’ అన్నారు. అతని వాంతి పౌరుషం. నాదైతే గర్భం, కాకపోతే బలహీనత.

ఇందులో నిజానికి ఆడామగా తేడా ఏముంది? తొడలు, వీపు లాంటి పెద్ద కండరాలు గట్టిగా పనిచేస్తున్నప్పుడు నెత్తురు అటు మళ్లుతుంది, పొట్టకూ పేగులకూ అందేది తగ్గుతుంది. ఒంట్లో ఆమ్లత పెరుగుతుంది. ఊపిరి బిగబట్టి ఎత్తితే పొట్టమీద ఒత్తిడి పడుతుంది. అప్పుడే తిన్నా, అసలేమీ తినకున్నా, ఉక్కపోతలో నీళ్లు తాగకున్నా వికారం ఎక్కువవుతుంది. కాసేపు ఆగి, బరువు తగ్గించి, సెట్‌కీ సెట్‌కీ మధ్య విరామం పెంచితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, మూత్రం ముదురు రంగులోకి మారినా డాక్టరు దగ్గరికి పోవాలి. వాంతయ్యేదాకా ఎత్తడం వీరత్వం కాదు. వికారం రాగానే ఆడదాన్ని బరువుల దగ్గర్నుంచి తరిమేయడం జాగ్రత్తా కాదు.

ఆడవాళ్లు బరువులెత్తకూడదన్న జాగ్రత్త జిమ్ములోనే ఎందుకు గుర్తొస్తుంది? నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు. ఇంట్లో దాన్ని జరిపేదెవరు? వరంగల్లో అపార్ట్‌మెంట్లు కట్టేచోట ఇటుకలు, ఇసుక తట్టలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేదెవరు? ఆమెకు ఎండలో కళ్లు తిరిగి వాంతయితే ఎవరూ ట్రెడ్‌మిల్ చూపించరు, కూలి కోస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, పురుషుల్లో 25 శాతం మందికి. ఆ నెత్తురు చాలని ఒళ్లతోనే ఇంటి బరువూ కూలి బరువూ మోస్తున్నాం. ఆయాసం ఎందుకొస్తోందని అడిగేవాళ్లు ముందు ఇంట్లో చివరగా తినేదెవరో అడగాలి.

బలమున్న ఆడదాన్ని ఏం చేయాలో మనకు మొదట్నుంచీ తెలియలేదు. సీత చిన్నప్పుడు శివుడి విల్లున్న పెట్టెను అవలీలగా జరిపిందని చెప్పుకుంటాం. ఆ బలం ఆమెకు రాబోయే మొగుడికి పరీక్షగా మారిపోయింది. ఒలింపిక్స్ సంగతి చూడండి. మగవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ 1896లోనే ఉంది, ఆడవాళ్లకు 2000 దాకా చోటు లేదు. చోటు దొరికిన ఆ మొదటిసారే సిడ్నీలో, సెప్టెంబర్ 19న, శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. పతకానికి దండ వేశాం. ఆ సాధనను మాత్రం మన ఇళ్లలోకి రానివ్వలేదు.

ఒక ఆడమనిషి బరువెత్తుతూ ఆగి కూర్చుంటే ఆమె కడుపులో ఏముందో వెతకకండి. గుక్కెడు నీళ్లివ్వండి, అయిదు నిమిషాలు వదిలేయండి. ఆమె మళ్లీ లేచినప్పుడు ఆ బార్‌కు అడ్డం రాకండి.