సేవకు బహుమానమేల?

చదువునందును ఆటలయందును మొదటివారైన బాలబాలికలకు బహుమానము లిచ్చుచున్నట్లే, సేవ చేసిన విద్యార్థులకును పతకము లియ్యవలెనని తలిదండ్రులలో కొందఱు కోరుచున్నారు. పిల్లల నుత్సాహపఱచుటకే వారీ మాట చెప్పుచున్నారు గనుక దానిని తేలికగా త్రోసివేయరాదు. అయినను సేవకు పతకము తగదని మా యభిప్రాయము.

పతకము కొఱకు రోగిని చూడబోయిన బాలుడు, పతకము లేనినాడు ఆ యింటి త్రోవ త్రొక్కునా? పొగడ్త కొఱకు చేయు మేలు పొగడువారు లేనిచోట ఆగిపోవును. జాలిచేత మాత్రమే చేయు మేలు, దానిని పొందినవాడు కృతజ్ఞత చూపనప్పుడు చల్లారును. సేవ నిలుచుటకు ఇంతకంటె లోతైన పునాది కావలెను.

ఆ పునాది మన విశ్వాసమునందున్నది. మన ప్రభువు తాను పట్టువడిన రాత్రి భోజనపు పంక్తినుండి లేచి, తువాలు నడుమున కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. తన్ను అప్పగింపబోవు యూదా పాదములును వానిలో నుండెను. క్రైస్తవుడు దేవుని ప్రేమను సంపాదించుకొనుటకు సేవ చేయడు. ఆ ప్రేమను ముందే ఉచితముగా పొందియున్నాడు గనుక చేయును. విందులో కడుపునిండ భుజించినవాడు ప్రక్కవానికి వడ్డించినందుకు కూలి యడుగునా?

దీనికి మన తెలుగుదేశమందే సాక్ష్యము కలదు. 1866వ సంవత్సరమున ఒంగోలునకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు, 1876–78 నాటి మహాక్షామమున బకింగ్‌హామ్ కాలువలో సుమారు 3½ మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి యిచ్చిరి. యౌవనమున నేర్చిన సర్వే విద్య అప్పుడాయన కక్కఱకు వచ్చెను. ఆ దినములలో బాప్తిస్మ మడిగినవారు పెక్కురు. అయినను ఏడాదికి పైగా ఆయన ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. అన్నము కొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని ఆయన తలంపు. తుదకు 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను మనము తఱచుగా చెప్పుకొందుము. మాకైతే దానికి ముందు ఆయన ఓర్చి వేచియున్న మాసములే గొప్పవిగా తోచుచున్నవి. మిషనెరీకి సంఘాభివృద్ధికంటె కోరదగిన బహుమానమేమి? దానిని సైతము ఆయన ఆకలిగొన్నవారి యన్నముతో ముడిపెట్టలేదు.

బహుమానము లేనియెడల పిల్లలు మొదలే పెట్టరని కొందఱందురు. పసివారికి ప్రోత్సాహము కావలసినమాట నిజమే. అయితే అది పతకమే కానక్కఱలేదు. ఉపాధ్యాయుడు తానే చీపురు పట్టి ముందు నడచినను, తల్లి తాను కాచిన గంజిని కుమారునిచేత పొరుగింటి రోగికి పంపినను, అంతకు మించిన ప్రోత్సాహము కలదా?

విద్యార్థులారా! మీ వీధిలో చూపు మందగించిన ముసలివారికి మందుచీటి చదివిపెట్టుడు. లెక్కలలో వెనుకబడిన తోడివానికి సాయంకాలమున ఒక గంట యియ్యుడు. చేసినదానిని చాటుకొనకుడు. తలిదండ్రులును ఆ గంటను చదువునకు నష్టమని యెంచక, పిల్లలను సంతోషముతో పంపవలెనని మా మనవి.