మామగారి బెల్టు



గత నెల మా నస్పూర్ కాలనీలో ఒక సహోదరుడు సింగరేణి ఉద్యోగం నుండి రిటైరై క్వార్టరు ఖాళీ చేస్తుంటే, సర్దడానికి సాయపడదామని వెళ్లాను. వరండాలో పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె కూర్చుని బేరం చేస్తోంది. ఆమె ముందు ఒక బరువైన ఉన్ని కోటు, మందపాటి నూలు బెల్టు, దానికి తగిలించే రెండు సంచులు, ఖాకీ కంబళి గుడ్డ తొడిగిన నీళ్ల సీసా ఉన్నాయి. ఆ సహోదరుని తాతగారు రెండవ ప్రపంచ యుద్ధంలో వాడినవట. అన్నిటికీ కలిపి ఒక మూత డబ్బా ఇస్తానంటోంది. "ఈ బరువంతా కొత్తింటికెందుకక్కా" అన్నాడాయన. నేను ఆ బేరం చెడగొట్టాను. ఆమెకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి నా పాత చీర ఒకటి తెచ్చిచ్చి సమాధానపరిచాను.

ఎందుకు చెడగొట్టానో చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1978లో, నేను కోడలిగా వచ్చిన సంవత్సరం, క్రిస్మస్‌కు ఇల్లు దులుపుతూ మామగారి ట్రంకు పెట్టె తెరిచాను. ఆయన బర్మా వైపు పోరాడిన సిపాయి. యుద్ధం అయ్యాక బొగ్గు బాయిలో చేరారు. బెల్టు మురికిగా కనిపించింది. సబ్బు నీళ్లలో నానబెట్టి బ్రష్షుతో రుద్దాను. ఇత్తడి కొక్కేలను చింతపండుతో తోమాను. తళతళా మెరిశాయి. దానితోపాటు బెల్టు లోపలివైపు నల్ల సిరాతో వేసిన అంకెలు కూడా పోయాయి. మామగారు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "పోనీలే అమ్మా" అన్నారు.

అది ఆయన సైనిక నెంబరు. డిశ్చార్జి పుస్తకం అప్పటికే చెదలు తినేశాయి. ఆయన ప్రభువు పిలుపు నందుకున్న తరువాత, రెండవ ప్రపంచ యుద్ధ సైనికుల వితంతువులకు ప్రభుత్వమిచ్చే సహాయం కోసం అత్తమ్మను వెంటబెట్టుకుని తిరిగాను. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగింది నెంబరే. మూడుసార్లు వెళ్లి ఊరుకున్నాం. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనుకుంటాను.

ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు పెరిగింది. అంతమంది తొడిగిన బట్టలు ఏమయ్యాయి? మన పల్లెల్లో బట్టను దాచుకునే స్తోమత ఎవరికుంది? ఉన్ని కోటు చలికాలం చేను కావలికి పోయింది. బూట్లు అరిగేదాకా తొడిగారు. సంచిలో విత్తనాలు పోసుకున్నారు. అందుకే దొరల కత్తులు, నవాబుల డాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో కనబడతాయి గాని, సిపాయి చొక్కా చూడాలంటే దొరకడం కష్టం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద వేసిన బాంబు ఒకటి అక్కడి విశాఖ మ్యూజియంలో ఉంది. బాంబును దాచాం, చొక్కాను దాచలేదు. సికింద్రాబాద్‌లో దండు కోసం 1813లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చిలోనూ పాలరాతి పలకల మీద దొరల పేర్లే ఎక్కువ. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ వందల మందిని పంపిన ఊరు. మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అక్కడ అమరులకు స్మారకం కట్టుకున్నారు. తక్కిన ఊళ్లలో మిగిలినవి ట్రంకు పెట్టెలే.

ఆ పెట్టెల్లో ఏముంటాయో తెలిస్తే పారేయబుద్ధి కాదు. ఆ నూలు బెల్టు 1937లో ఖరారైన నమూనా. ముందువైపు రెండు పెద్ద సంచులు బ్రెన్ మరతుపాకి తూటాల అరలు పట్టేలా కుట్టినవి. అంటే తుపాకి ఒకరిదైనా, తూటాలు జట్టులో అందరూ మోయాలి. వెనుక చిన్న సంచి, పక్కన నీళ్ల సీసా, ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు తగరపు గిన్నెలు. సూది, దారం, గుండీలున్న చిన్న గుడ్డ చుట్ట కూడా ఉండేది. దానికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు 'హౌస్‌వైఫ్', అంటే ఇల్లాలు! ఇండియాలో చేసిన వస్తువు మీద బాణపు ములికి గుర్తు, పక్కన 'ఐ' అక్షరం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. బ్రిటిష్ పద్ధతిలో మెడలో రెండు బిళ్లలు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. వాటి మీద పేరు, నెంబరు, మతం. మనిషి పడిపోతే ఎర్ర బిళ్ల తీసుకెళ్లేవారు, పచ్చది దేహంతో ఉండిపోయేది.

బట్ట రంగు కూడా చాలా చెబుతుంది. ఖాకీ అంటే ఉర్దూలో దుమ్ము రంగు. 1850ల నాడు మంగుళూరులో బాసెల్ మిషన్ వారి నేతశాలలో హాలర్ అనే ఆయన చేతి కింద ఈ రంగు అద్దారంటే మనలో చాలామందికి ఆశ్చర్యం. బర్మా అడవిలో మాత్రం ఈ దుమ్ము రంగు శత్రువుకు దూరం నుండే కనబడేది. మొదట ఖాకీ బట్టలకే ఆకుపచ్చ అద్దుకున్నారు, తరువాత పచ్చని బట్టే వచ్చింది. మీ ఇంట్లోని చొక్కా పచ్చనిదైతే ఆ పెద్దాయన బర్మా వైపు పోరాడినవారు కావచ్చు.

భుజం మీద 'హైదరాబాద్' అనే ఇత్తడి అక్షరాలుంటే మనవాళ్లేనని తొందరపడకండి. 19వ హైదరాబాద్ రెజిమెంటు పుట్టుక నిజాం సేవలోనే గాని, ఆ యుద్ధం నాటికి అందులో ఎక్కువగా కుమావూ, జాట్, అహీర్ సిపాయిలుండేవారు. 1945లో దాని పేరే కుమావూ రెజిమెంటుగా మారింది. నిజాం సొంత సైన్యం వేరు. దానిలోని ఒక పదాతి దళం 1941 డిసెంబరులో జపానువారు మలయాలో దిగినప్పుడు కోటాబారు విమానాశ్రయం కావలిలో ఉంది.

ఇప్పుడు వీటిని సేకరించి బొమ్మలకు తొడిగి అద్దాల బీరువాల్లో పెట్టుకునేవారు ఇంగ్లండు, అమెరికాలలో చాలామంది. ధర ఉన్నచోట నకిలీ కూడా ఉంటుంది. ఆ నకిలీలు మన దేశంలోనే కుట్టి పంపేవారున్నారు. అనుమానముంటే వదులుగా వేలాడే దారప్పోగు ఒకటి తీసి కాల్చి చూడండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. నైలాను కరిగి ఉండ కడుతుంది. నైలాను దారంతో కుట్టింది ఆనాటిది కాదు.

దాచే విషయంలో నేను నేర్చుకున్నది, ఉతకకూడదు, తోమకూడదు. మన ప్రాంతంలో బొగ్గు దుమ్ము తలుపులేసినా ఆగదు గదా, మెత్తని కుంచెతో నెమ్మదిగా దులిపితే చాలు. ప్లాస్టిక్ సంచి వద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. గంజిలేని పాత తెల్లపంచె చుట్టి, మడతల మధ్య అదే గుడ్డ ఉండచేసి పెట్టాలి. కలరా ఉండలు పొట్లం కట్టి మూలన పెట్టండి, బట్టకు తగలనీయకండి. ఎండ తగిలే గోడకు వేలాడదీస్తే రంగు వెలిసిపోతుంది, ఇనుప హ్యాంగరు భుజాలు చింపుతుంది.

పెట్టెలో తూటాలు గాని గుండ్లు గాని కనబడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. పిల్లలు సరదాకు తొడుక్కుంటే ఏమీ కాదు గాని, సైనికుడినని నమ్మించడానికి ఆ దుస్తులు వేసుకోవడం నేరం. మొదటి యుద్ధం నాటివైతే నూరేళ్లు దాటాయి గనుక, విదేశాలకు అమ్మబోయే ముందు 1972 నాటి పురావస్తువుల చట్టం ఏమంటుందో కనుక్కోండి.

ఆ సహోదరుడు కోటును మన చర్చిలో అద్దాల పెట్టెలో పెడదామన్నాడు. పెద్దలలో ఒకరు యుద్ధ వస్త్రం మందిరంలో ఎందుకన్నారు. ఇంకొకరు దండ వేద్దామన్నారు. నాకైతే మొదటివారి మాటే సమంజసంగా తోచింది, దండ అసలే వద్దనిపించింది. చివరికి వాళ్ల ఇంట్లోనే, కొత్త ఇంటి నడవలో ఎండ రాని వైపు పెట్టాలని తేలింది. ఆయన బెల్టు తిప్పి చూశాం. అంకెలున్నాయి. మనవరాలు వాటిని ఫోనులో ఫొటో తీసి, నోటుబుక్కులో తాత పేరు, ఊరు, ఆ నెంబరు రాసింది. పేరు తెలియని కోటు కంటే, చిరిగిపోయినా పేరున్న కోటే మేలని ఆ పిల్లకు చెప్పాను.

ఇంటికొచ్చి మామగారి బెల్టు తీశాను. టార్చి పక్కనుంచి వేసి చూస్తే ఒక ఏడు, ఒక సున్నా లీలగా ఉన్నాయి, తక్కినవి లేవు. ఒక కాగితం మీద ఆయన పేరు, తెలిసినంత సంగతి రాసి, కింద ఇలా చేర్చి పెట్టెలో ఉంచాను: "దీని మీది నెంబరు 1978లో కోడలు ఉతికినందువల్ల పోయింది."