సాక్షి పాత్ర ధరించే పిల్లలకు

పాఠశాలల్లో మాదిరి న్యాయస్థానం నిర్వహించినప్పుడు న్యాయమూర్తి, న్యాయవాది పాత్రలకు పిల్లలు పోటీ పడతారు. సాక్షి పాత్ర మిగిలినవారికి దక్కుతుంది. ఎక్కువ తర్ఫీదు కావలసింది ఆ పాత్రకేనని మా అభిప్రాయం.

జరగనిదాన్ని చూశానని చెప్పడం అబద్ధపు సాక్ష్యం కాదా అని కొందరు తల్లిదండ్రులు సంకోచిస్తారు. ఆ సంకోచం గౌరవించదగినది. దైవప్రవక్త (స) ఘోరపాపాలను వివరిస్తూ, ఆనుకుని కూర్చున్నవారు నిటారుగా కూర్చుని, అబద్ధపు సాక్ష్యం గురించి పదే పదే హెచ్చరించారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. అయితే తరగతిలో నడిచేది కల్పిత వ్యాజ్యమని అందరికీ తెలుసు. అక్కడ ఎవరూ మోసపోరు, ఎవరి హక్కూ పోదు. మేము వద్దనేది ఒక్కటే: ఆ ఆటలో అల్లాహ్ పేరిట ప్రమాణం. నిజమైన న్యాయస్థానంలోనే దైవప్రమాణానికి బదులు సత్యనిష్ఠతో ధ్రువీకరించే వీలును 1969 నాటి ప్రమాణాల చట్టం కల్పించింది. తరగతిలో ‘నాకిచ్చిన వాంగ్మూలానికి కట్టుబడి ఉంటాను’ అంటే సరిపోతుంది.

వ్యాజ్యాన్ని రాసేటప్పుడే ఏ సాక్షీ అబద్ధమాడనవసరం లేకుండా రాయవచ్చు. బడి ఆవరణలో సైకిలు పోయిందనుకుందాం. నీలం చొక్కా కుర్రవాడు సైకిలు నడిపించుకుని వెళ్లడాన్ని వాచ్‌మన్ వెనుక నుంచి చూశాడు. కుళాయి దగ్గరున్న విద్యార్థిని నిందితుడి ముఖం చూసింది, చేతిలో సైకిలు ఉందో లేదో గమనించలేదు. ఇద్దరూ సత్యవంతులే, చూసిన చోటులే వేరు.

వాంగ్మూలాన్ని కంఠస్థం చేయించవద్దు. రెండు మూడుసార్లు చదివించి, అందులో కళ్లారా చూసినదేది, ఒకరు చెప్పగా విన్నదేది, తాను ఊహించినదేది విడివిడిగా రాయించాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం కూడా, చూసిన సంగతిని చూసినవారే వచ్చి చెప్పాలి.

తరువాత ఇంట్లో అమ్మీయో అబ్బాయో ఎదుటి పక్షపు న్యాయవాదిగా మారి ప్రశ్నించాలి. ‘నువ్వు చూసింది ఇతడినే కదా?’ వంటి, జవాబును నోటికందించే ప్రశ్నలను సాక్షిని పిలిచిన పక్షం అడిగితే అభ్యంతరం చెప్పవచ్చు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మాత్రం అవి చెల్లుతాయి. పిల్లలు తడబడేది అక్కడే. ‘తెలియదు’ అంటే మార్కులు పోతాయని బడి వారికి నేర్పింది. అందుకే వాంగ్మూలంలో లేని చొక్కా గుండీలు కూడా వర్ణించేస్తారు! ‘చొక్కా చూశాను, ముఖం చూడలేదు’ అని ఆగడం అలవాటు చేయాలి.

కాస్త పెద్ద పిల్లలైతే, నిందితుణ్ణి సాక్షికి సొంత తమ్ముడిగా రాసి చూడండి. తమకు, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా న్యాయం కోసం సాక్ష్యమివ్వాలన్న నిసా సూరా 135వ ఆయతును ముందు రోజు ఇంట్లో కలిసి చదవవచ్చు. అప్పుడు ఆ బిడ్డ బోనులో ఎంతసేపు మౌనంగా నిలబడినా తొందరపెట్టవద్దని, ‘చూడలేదు’ అన్న జవాబుకూ పూర్తి మార్కులు వేయాలని ఉపాధ్యాయులను కోరుతున్నాము.