దున్నాలా, మానాలా?

"దుక్కి కొద్దీ పంట" అని మన సామెత. జ్యేష్ఠ పున్నమినాడు నాగలిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి ఏరువాక సాగించే రైతు ముందు "దున్నవద్దు, నేరుగా విత్తు" అంటే అది అపచారంగా వినిపించడంలో వింత లేదు. మరోవైపు, అదే మాట కొందరికి వేదవాక్కు. ప్రకృతి సేద్యాన్ని మెచ్చేవారు జపాను రైతు ఫుకువోకాను తలుస్తారు. యంత్ర సేద్యాన్ని మెచ్చేవారు బ్రెజిల్, అర్జెంటీనా పొలాలను చూపిస్తారు. నాగలి వద్దనడంలో ఇరువురికీ పేచీ లేదు. నాగలి చేసే పనిని ఎవరికి అప్పగించాలన్న దగ్గరే దారులు చీలతాయి. అసలు వివాదం అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

నాగలి మూడు పనులు చేస్తుంది. కలుపును చంపుతుంది, గట్టిపడిన నేలను గుల్లచేసి వాననీటిని లోనికి దింపుతుంది, విత్తనానికి మెత్తని చోటు అమరుస్తుంది. ప్రతిగా తీసుకునేదీ తక్కువేమీ కాదు. తిరగబడిన మట్టికి గాలి సోకి సేంద్రియ పదార్థం త్వరగా తరిగిపోతుంది. వాలు చేలలో వదులైన మన్ను తొలి వానలకే కొట్టుకుపోతుంది. ట్రాక్టరు కిరాయి సరే సరి. దుక్కి మానితే ఈ నష్టాలు తప్పుతాయి, నిజమే. కాని ఆ మూడు పనులు మాత్రం మిగిలే ఉంటాయి.

కృష్ణా డెల్టానే తీసుకుందాం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే మినుములు చల్లడం అక్కడ తాతల నాటి వాడుక. కోత అయ్యేసరికి మొలక వస్తుంది. నేలలో మిగిలిన తేమతోనే పంట చేతికందుతుంది. బర్కత్‌పుర కిరాణా కొట్టులో ఇడ్లీకని మినప్పప్పు కొనుక్కునే నాబోటివాడు ఎన్నిసార్లు దున్నని నేల పంట తిన్నాడో లెక్కలేదు. ఆ బంకమట్టిని దున్నాలంటే ఆరేదాకా ఆగాలి. ఆరితే పెడ్డలు లేస్తాయి, తేమ పోతుంది. కనుక అక్కడ దున్నకపోవడమే తెలివి. అయినా అది ఉచితంగా రాలేదు. దున్ని విత్తే మెట్టలో ఎకరాకు చాలే విత్తనానికి సుమారు రెట్టింపు, అంటే 16 కిలోల దాకా, మాగాణిలో చల్లాలి. బంగారుతీగ అల్లుకుంటే చేను చేనే పోతుంది.

2000 తరువాతి దశకంలో, పల్లాకు తెగులుతో మినుము దెబ్బతిన్నచోట, గుంటూరు జిల్లా రైతులు అదే మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేయసాగారు. కూలీలు వరి దుబ్బుల నడుమ తాడు పట్టి, రంధ్రాలు చేసి గింజలు వేస్తారు. రోజులు కలిసివచ్చాయి, దుక్కి ఖర్చు తప్పింది, దిగుబడీ బాగున్నది. మరి కలుపు? ఆ పని పారాక్వాట్, అట్రజిన్‌లకు అప్పగించారు.

ఇది యాదృచ్ఛికం కాదు. దున్నకుండా విత్తే పద్ధతి బ్రిటన్‌లో స్థిరపడిందే 1962లో పారాక్వాట్ బజారుకు వచ్చిన తరువాత. ఆ మందు కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఐరోపా సమాజంలో దాని అనుమతి 2007లో కోర్టు తీర్పుతో రద్దయింది. మన పల్లెల్లో, ఒక్క క్షణం నిస్పృహలో అది తాగి, తరువాత బతకాలని ఎంత కోరుకున్నా బతకలేక పోయినవారున్నారు. దుక్కి ఖర్చు మిగిలిందని లెక్కవేసేటప్పుడు ఇంట్లో ఆ సీసా ఉండడాన్ని ఏ పద్దులో రాయాలి?

ఇక తెలంగాణ చెలక నేలలు. వాన వెలిసి ఎండ కాస్తే పైన పెచ్చు కడతాయి. వాటిని దున్నకుండా వట్టిగా వదిలితే నీరు ఇంకక పారిపోతుంది. పటాన్‌చెరు ఎర్రనేలల్లో ఇక్రిశాట్ చేసిన ప్రయోగాల్లోనూ నీటి పరుగును గట్టిగా ఆపినది నేలపై కప్పిన గడ్డే. ఫుకువోకా కూడా గడ్డినంతా తిరిగి చేనికే ఇచ్చాడన్నది మనవాళ్లు మరచిపోతారు. ఇక్కడ జొన్న చొప్ప, వరిగడ్డి పశువుల నోటికి పోవాలి. పశువును పస్తుపెట్టి నేలను కప్పమని చెప్పే ధైర్యం నాకు లేదు.

మరొక చిక్కు. దుక్కి మానినందువల్ల నేల బాగుపడడం ఒక్క ఏడాదిలో అయ్యేది కాదు. డెల్టాలో సాగుచేసేవారిలో కౌలు రైతులే ఎక్కువ. వచ్చే ఏడు ఈ చేను తనదౌనో కాదో తెలియనివాడిని పదేళ్ల తరువాతి మట్టికోసం ఈ ఏటి కలుపు భరించమనడం న్యాయమా?

అందుచేత నా తీర్పు ఇది. మాగాణి మినుముకు నాగలి అక్కరలేదు. అది ఎప్పుడో తేలిన సంగతి. మాగాణి మొక్కజొన్నకూ అక్కరలేదు గాని, పారాక్వాట్ లేని దారి వెదికితేనే అది గెలుపు. చెలకలో మాత్రం, గడ్డి మిగిలే రోజు వచ్చేదాకా, వేసవి దుక్కి ఉండవలసిందే. వాలుకు అడ్డంగా, ఒక్కసారి, తగుమాత్రం. నాగలిని పూజించడం, దూషించడం రెండూ తేలికే. దానికి బదులు గడ్డి వస్తున్నదా, మందు వస్తున్నదా అని అడగడమే అవసరం. సొంత పొలం ఉన్న మిత్రులు తమ చేలో ఏది వచ్చిందో చెబితే వినాలని ఉన్నది.